మైపాడు సముద్రానికి ఏ రంగు?

తెర మీద సముద్రం నీలంగా మెరుస్తుంది. కథ కోరితే ఎర్రగానూ మారిపోతుంది. నెల్లూరు తీరాన నిలబడి చూస్తే మాత్రం అది గంటకో రంగు కడుతుంది. ఆ రంగుల్లో ఎన్నింటిని సినిమా పట్టుకుంది? ఎన్నింటిని వదిలేసింది?

తెల్లవారుజామున ఐదింటికి మైపాడులో సముద్రం కనిపించదు. వినిపిస్తుందంతే. కాసేపటికి చీకట్లో ఒక బూడిదరంగు గీత తేలుతుంది. గీతకు పైనున్నది ఆకాశం, కిందున్నది నీరు. ఆ తర్వాత గీత మీద సన్నగా కుంకుమ పూసినట్టవుతుంది. సూర్యుడు పైకొచ్చేసరికి ఒడ్డున వలలు సర్దుతున్న మనుషులు, పడవలు, కుక్కలు అన్నీ నల్లటి బొమ్మల్లా మారిపోతాయి. ఏడున్నరకి ఆ మాయ అంతా పోతుంది. అప్పుడు సముద్రం అసలు రంగులో కనబడుతుంది... పాలు తక్కువైన టీ రంగులో!

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో మొదటిసారి వచ్చినవాళ్లు ఇక్కడే కొంచెం నిరాశపడతారు. సముద్రం అంటే నీలంగా ఉండాలి కదా అన్నది వాళ్ల లెక్క. తీరంలో లోతు తక్కువ. కెరటాలు అడుగున ఉన్న ఇసుకను కెలుకుతూనే ఉంటాయి. పైగా మైపాడుకు కాస్త ఉత్తరాన పెన్న వచ్చి కలుస్తుంది. వానలు పడి నదికి నీళ్లొచ్చిన రోజుల్లో అది మోసుకొచ్చే ఒండ్రు అంతా ఈ నీటిలోకే చేరుతుంది. మరి నీలం ఎక్కడి నుంచి వస్తుంది? సెల్‌ఫోన్‌లోంచి వస్తుంది! ఫొటో తీసుకుని, వేలితో ఒక ఫిల్టర్ నొక్కితే సరి. నెల్లూరుకు తిరిగెళ్లేలోపే మైపాడు మాల్దీవులైపోతుంది.

ఈ పని మనం ఇప్పుడు నేర్చుకున్నాంగానీ సినిమావాళ్లు నూరేళ్ల నుంచీ చేస్తున్నారు. వాళ్లకు అది సరదా కాదు, కథ చెప్పే పద్ధతి.

కొండల్లేని చోట ఎర్ర సముద్రం

2024 సెప్టెంబరులో వచ్చిన 'దేవర' గుర్తుందిగా. కొరటాల శివ దర్శకత్వంలో ఎన్టీఆర్ రెండు పాత్రలు వేసిన సినిమా. కథ జరిగేది ఆంధ్ర, తమిళనాడు సరిహద్దులోని సముద్రతీరంలో. పటం తీసి వేలు పెడితే ఆ చోటు తడ, పులికాట్ ప్రాంతమే అవుతుంది. సినిమాలో ఆ ప్రాంతం పేరు రత్నగిరి. కొండ, దాని మీద నాలుగు ఊళ్లు, కింద ఎగిసిపడే సముద్రం. నిజానికి తడ నుంచి కావలి దాకా ఎక్కడా సముద్రం ఒడ్డున కొండన్నదే లేదు. అంతా చదును నేల, ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, రొయ్యల గుంటలు. కల్పిత కథకు కల్పిత కొండ ఉంటే తప్పేం లేదు. మనకు కావాల్సింది ఆ సముద్రానికి పెట్టిన పేరు... ఎర్ర సముద్రం.

కెరటాల్లో కలిసిన నెత్తురు వల్ల దానికాపేరు వచ్చిందని సినిమా చెబుతుంది. ఒక్క రంగు పేరుతోనే ప్రేక్షకుడికి సగం కథ అర్థమైపోతుంది. ఇక్కడ చావులుంటాయి, పగలుంటాయి, భయం ఉంటుంది అని కుర్చీలో సర్దుకుంటాడు. ఛాయాగ్రాహకుడు రత్నవేలు రాత్రుల్ని ముదురు నీలంలో ముంచి తీశారు. ఆ నీలం పక్కన రక్తం, కాగడాల మంట రెట్టింపు ఎర్రగా కనిపిస్తాయి. చల్లటి రంగు పక్కన పెడితేనే వేడి రంగుకు పదును. ఇది చిత్రకారులకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే.

అయితే ఎరుపంటే ఎప్పుడూ నెత్తురేనా? మన ఇళ్లలో ఎరుపు కుంకుమ, పారాణి, మిరపపండు, నెల్లూరు చేపల పులుసు. మామిడికాయ ముక్కలేసి, మట్టిదాకలో మరిగించి, మర్నాటికి నూనె తేలిన పులుసు ఎరుపును చూసి ఎవరూ భయపడరు. నోరూరుతుంది! రంగుకు సొంతంగా అర్థం ఉండదు. దాని పక్కన ఏముంది, దానికి ముందు ఏం జరిగింది అన్నదాన్ని బట్టే అర్థం వస్తుంది. తెలుపు చూడండి. మల్లెపూలు తెలుపే, పాత సినిమాల్లో బొట్టులేని ఆడమనిషి చీర తెలుపే, దెయ్యం చీర కూడా తెలుపే. మన ప్రేక్షకుడు ఎప్పుడూ తికమకపడలేదు.

నలుపు తెలుపుల్లో వెన్నెల

రంగుల్లేని రోజుల్లోనూ రంగుల గొడవ ఉండేది. మూకీల కాలంలో నలుపు తెలుపు ఫిల్మునే రంగునీళ్లలో ముంచేవారు. రాత్రి దృశ్యమైతే నీలం, దీపం వెలుగైతే పసుపు, మంటలైతే ఎరుపు. అప్పట్లో వాడిన ఒకరకం ఫిల్ముకు ఎరుపును చూసే శక్తే ఉండేది కాదు. ఎర్రటి పెదవులు తెర మీద నల్లగా పడేవి. ఆ తర్వాత అన్ని రంగుల్నీ గుర్తించే ఫిల్ము వచ్చినా చివరికి అన్నీ బూడిదరంగు ఛాయలే. ఎరుపు చీర, ఆకుపచ్చ చీర పక్కపక్కన నిలబడితే రెండూ ఒకేలా కనబడే ప్రమాదం ఉంది. అందుకే దుస్తులు ఎంచేవారు రంగు అందాన్ని కాక, తెర మీద అది ఎంత ముదురుగా పడుతుందో చూసుకోవాల్సి వచ్చేది.

నెల్లూరు జిల్లా తెలుగు తెరకు ఇచ్చిన మనుషుల్లో చాలామంది ఆ నలుపు తెలుపుల్లోనే వెలిగారు. గడకర్రలాంటి మనిషి రమణారెడ్డి, కళ్లెర్రజేస్తే పిల్లలు జడుసుకునే రాజనాల. ఆ ఎర్రజేసిన కళ్లు నిజానికి తెర మీద ఎర్రగా లేవు. చూసినవాళ్లే ఆ రంగు నింపుకొన్నారు. సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ మాటల్లోనూ అంతే... తెర మీద లేని రంగుల్ని చెవి ద్వారా అందించడం పాటల రచయితకు ఆ రోజుల్లో అదనపు బాధ్యత.

అన్నిటికన్నా పెద్ద మాయ వెన్నెల. 'పాతాళ భైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్' తీసిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ వెన్నెలకు తెలుగునాట ఇప్పటికీ పేరుంది. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో పడవ మీద సాగే యుగళగీతం చూస్తుంటే చల్లగాలి తగిలినట్టుంటుంది. ఆ పాటలో కొంత స్టుడియోలో తీశారు, కొంత ఎన్నూరు దగ్గర నీళ్లమీద పగటిపూట తీశారు. ఎన్నూరు ఎక్కడో కాదు, పులికాట్ సరస్సుకు దక్షిణాన పక్కనే. అంటే తెలుగువాళ్లకు బాగా ఇష్టమైన వెన్నెల రాత్రిలో కొంత, ఈ తీరానికి దిగువన పట్టపగలు కాసిన ఎండే!

2010 జనవరిలో 'మాయాబజార్'ను రంగుల్లోకి మార్చి విడుదల చేశారు. హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఆ పని చేసింది. కొత్త తరం పిల్లలు థియేటర్‌కు వెళ్లి ఘటోత్కచుడిని కేరింతలతో చూశారు. వివాహ భోజనం రంగుల్లో మరింత నోరూరించింది కూడా. కానీ ఆ వెన్నెల? దానికి కొత్తగా చేర్చడానికి ఏమీ మిగల్లేదని పాతవాళ్లు అనుకున్నారంటే కాదనలేం. నలుపు తెలుపుల కోసం పేర్చిన వెలుగు మీద తర్వాత రంగు పూయడం, ఉప్పూకారం సరిపోయిన పులుసులో మళ్లీ చింతపండు పిసకడం లాంటిది.

తెలుగులో మొదటి పూర్తి నిడివి రంగుల చిత్రం 'లవకుశ' 1963లో వచ్చింది. సి.పుల్లయ్య మొదలుపెట్టగా సి.ఎస్.రావు పూర్తిచేశారు. డబ్బు ఇబ్బందులతో నిర్మాణం ఏళ్ల తరబడి సాగింది. అంత కష్టపడి రంగులెందుకు? జనం బళ్లు కట్టుకుని వెళ్లి చూశారంటే కారణం ఒక్క రంగే కాదుగానీ, నీలమేఘశ్యాముడని హరికథల్లో విన్న రాముడిని రంగుల్లో చూడటం అప్పుడు చిన్న విషయం కాదు. 1965లో ఆదుర్తి సుబ్బారావు 'తేనెమనసులు'తో సాంఘిక కథ కూడా రంగుల్లోకి వచ్చేసింది. ఇక నెల్లూరు నుంచే వెళ్లిన వాణిశ్రీ కాలానికి కథానాయిక చీర రంగు, జాకెట్టు రంగు బట్టల కొట్లలో అడిగి కొనుక్కునేదాకా వెళ్లింది.

ఒకే కథ, రెండు సముద్రాలు

రంగులు చేతికొచ్చాక వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. 1978లో కె.బాలచందర్ 'మరోచరిత్ర' నలుపు తెలుపుల్లో తీశారు. అప్పటికి రంగుల సినిమా మామూలైపోయింది. విశాఖ, భీమిలి తీరంలో కమల్‌హాసన్, సరిత పరుగులు తీస్తుంటే వెనకాల సముద్రం బూడిదరంగులో కదులుతుంటుంది. ఎంత నవ్వుతున్నా, ఎంత అల్లరి చేస్తున్నా ఆ బూడిదరంగు ఏదో జరగబోతోందని చెవిలో చెబుతూనే ఉంటుంది.

అదే కథను అదే దర్శకుడు 1981లో హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా తీశారు. కథ గోవాకు మారింది, రంగుల్లోకీ మారింది. దేశమంతా ఊగిపోయింది. రెండూ చూసినవాళ్లను అడగండి... హిందీ సినిమా పేరు చెబితే పాటలు గుర్తొస్తాయి, తెలుగు సినిమా పేరు చెబితే ముగింపు గుర్తొస్తుందన్నవాళ్లు చాలామంది కనిపిస్తారు. అందులో రంగు పాత్ర లేదనగలమా?

తూర్పు తీరానికి, పడమటి తీరానికి ఇంకో తేడా కూడా ఉంది. గోవాలో సూర్యుడు సముద్రంలో మునుగుతాడు. సాయంత్రం బంగారు వెలుగు ప్రేమికుల ముఖాల మీద పడుతుంది. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. సాయంత్రం వెలుగు తోటల వెనక నుంచి వచ్చి, నీళ్ల మీద నీడల్ని పొడుగ్గా పరుస్తుంది. మైపాడులో సాయంత్రం ఐదున్నరకు సముద్రం రంగు లేత ఊదాకు తిరుగుతుంది. కెమెరావాళ్లు ఎంతో ఇష్టపడే ఆ మెత్తటి వెలుగు ఉండేది ఇరవై, ముప్ఫై నిమిషాలే. బజ్జీల బండి దగ్గర నిలబడినవాళ్లలో చాలామంది దాన్ని గమనించకుండానే బస్సెక్కుతారు.

మత్స్యకారుల బతుకును రంగుల్లో చూపించిన దక్షిణాది సినిమా అంటే 1965 నాటి మలయాళ 'చెమ్మీన్' ముందు గుర్తొస్తుంది. తకళి శివశంకర పిళ్లె నవలను రాము కరియత్ తెరకెక్కించారు. రాష్ట్రపతి స్వర్ణపతకం అందుకున్న తొలి దక్షిణాది చిత్రం అది. దాని ఛాయాగ్రాహకుడు ఎవరో తెలుసా? మన మార్కస్ బార్ట్లీయే! నలుపు తెలుపుల్లో వెన్నెల కాయించిన మనిషి, రంగుల్లో సముద్రపు ఉప్పదనాన్ని చూపించాడు.

తిండిలోంచి వచ్చిన గులాబీ

మైపాడు నుంచి దక్షిణంగా, చెన్నై రహదారి మీద గంటన్నర పైచిలుకు ప్రయాణం చేస్తే సూళ్లూరుపేట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఇది తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అయినా 'మాది నెల్లూరే' అనేవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు, మాట యాస కూడా వాళ్లకే సాక్ష్యం పలుకుతుంది. ఇక్కడి నుంచి శ్రీహరికోటకు వెళ్లే దారి పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. రెండువైపులా నీళ్లు, నీళ్లు లేని రోజుల్లో పగిలిన బురదనేల. చిలకా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే.

చలికాలంలో ఆ నీళ్లలో దూరంగా తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. రాజహంసలు... అదే, ఫ్లెమింగోలు. దూరం నుంచి తెల్లగా, దగ్గరకెళితే లేత గులాబీగా ఉంటాయి. గుంపు ఒక్కసారి లేచిందంటే రెక్కల కింద దాచుకున్న ముదురు ఎరుపు, అంచున నలుపు ఆకాశమంతా పరుచుకుంటుంది. ఏ దర్శకుడూ ఇంత పొదుపుగా రంగు వాడలేడేమో! అంతసేపూ దాచి, ఎగిరే క్షణంలోనే చూపించడం.

ఇంకో విశేషం. ఆ పక్షికి ఆ రంగు పుట్టుకతో రాదు. పిల్లలు బూడిదరంగులో ఉంటాయి. ఉప్పునీటిలోని నాచు, సన్నటి రొయ్యల్లాంటి జీవుల్లో ఉండే కెరోటినాయిడ్ల వల్ల ఏళ్లు గడిచేకొద్దీ ఈకలకు గులాబీ ఎక్కుతుంది. సరస్సులో తిండి తగ్గితే రంగూ వెలుస్తుంది. కాబట్టి ఆ గులాబీని చూస్తే సరస్సు ఆరోగ్యం సంగతి తెలిసిపోతుంది. సరస్సుకు సముద్రంతో కలిసే ముఖద్వారాలు ఇసుక మేటతో పూడుకుపోవడం ఇక్కడి జాలర్ల పాత బాధ. రాయదొరువు వైపు సముద్రపు నీరు లోపలికి రాకపోతే వేసవికి సరస్సులో పెద్ద భాగం తెల్లటి ఉప్పుపొరగా మిగులుతుంది. ఫొటోకు అది ఎంత బాగుంటుందో, వలేసుకు బతికేవాడికి అంత చేదు.

దొరవారిసత్రం దగ్గరి నేలపట్టులో రంగులు వేరు. నీటికడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. వాటి రెట్టలతో పచ్చటి చెట్లకు సున్నం కొట్టినట్టు ఉంటుంది. ఆ రెట్టలు కలిసిన నీరు పొలానికి ఎరువని రైతులకు తెలుసు.

ఇంతకీ ఈ పక్షుల దారిలోనే సినిమావాళ్ల రంగులకు ఓ పెద్ద గుడి కూడా వెలిసింది. 2019 ఆగస్టులో 'సాహో' విడుదలతో సూళ్లూరుపేట సమీపంలో హైవే పక్కన ఓ భారీ థియేటర్ మొదలైంది. సుమారు వందడుగుల వెడల్పు తెర... దేశంలోనే పెద్దదని అప్పట్లో ఊరూరా చెప్పుకున్నారు. చెన్నై నుంచి, నెల్లూరు నుంచి కార్లు కట్టుకుని వచ్చారు. అంత పెద్ద తెర మీద రంగు కంటిచూపునంతా కప్పేస్తుంది. నీలం పడితే ఒళ్లంతా నీలమే. మిట్టమధ్యాహ్నం ఆట అయ్యి బయటికొస్తే సూళ్లూరుపేట ఎండ కళ్లలో గుచ్చుకుంటుంది. రోడ్డు, దుమ్ము, టీకొట్టు, ఆకాశం అన్నీ వెలిసిపోయినట్టు కనబడతాయి. నిజానికి వెలిసింది ఏమీ లేదు, మన కన్నే రెండున్నర గంటల్లో అలవాటు మార్చుకుంది.

పసుపు దేశం, నీలి దేశం

ఒకప్పుడు రంగును ముందే ఎంచుకోవాలి. చీర, గోడ, కర్టెను, లైటు, షూటింగ్ వేళ... అన్నీ తీయకముందే తేలాలి. బాపు 'ముత్యాల ముగ్గు' (1975)ను ఇషాన్ ఆర్య సహజమైన వెలుగులో తీసి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. గోదావరి ఎండ, పచ్చిక, ముగ్గుపిండి తెలుపు అన్నీ పెరట్లోంచి చూస్తున్నట్టే ఉంటాయి. బి.నర్సింగరావు 'దాసి' (1988)కి ఛాయాగ్రహణంలో ఎ.కె.బిర్, కళాదర్శకత్వంలో చిత్రకారుడు తోట వైకుంఠం జాతీయ అవార్డులు అందుకున్నారు. గడీ గోడల మధ్య ముదురురంగుల్లో మునిగిన ఆ చీకటి చూశాక, అక్కడి ఆడవాళ్ల బతుకు గురించి ఒక్క డైలాగు లేకున్నా అర్థమయ్యేది. మణిరత్నం 'గీతాంజలి' (1989)లో పి.సి.శ్రీరామ్ ఊటీ మంచును దాదాపు ఓ పాత్రనే చేశారు. చావు దగ్గరపడిన ఇద్దరి కథకు ఎండ కాసి ఉంటే ఎలా ఉండేదో ఊహించండి.

కంప్యూటర్ వచ్చాక లెక్క మారింది. తీసిన తర్వాత కూడా రంగు మార్చేయొచ్చు. 2000లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?'కి ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ పచ్చటి వేసవిలో మిసిసిపీ పొలాల్ని తీసి, తర్వాత ఆ పచ్చదనమంతా ఎండుగడ్డి రంగులోకి మార్పించారు. మొత్తం సినిమాకు ఇలా కంప్యూటర్ మీద రంగు దిద్దడానికి అది తొలి ఉదాహరణల్లో ఒకటి. అదే ఏడాది 'ట్రాఫిక్'లో స్టీవెన్ సోడర్‌బర్గ్ మెక్సికోను మండే పసుపులో, అమెరికాలో కొంత భాగాన్ని చల్లటి నీలంలో చూపించారు. మూడు కథలు కలిసిన సినిమా కాబట్టి ఎక్కడున్నామో చూసేవాడికి ఠక్కున తెలియాలని ఆ ఏర్పాటు. పని బాగా జరిగింది. కానీ తర్వాత వచ్చినవాళ్లు దాన్ని అలవాటు చేసుకున్నారు. పేద దేశమంటే పసుపు, దుమ్ము, చెమట. మన దేశం కూడా విదేశీ సినిమాల్లో చాలాసార్లు పచ్చకామెర్లు వచ్చినట్టే కనబడుతుంది!

వాళ్లను అని ఏం లాభం, మనం మాత్రం తక్కువా? సుకుమార్ 'రంగస్థలం' (2018) ఎనభైల నాటి పల్లెను మట్టిరంగుల్లో తడిపి తీసింది. కథకు అతికింది, బాగుంది. 'పుష్ప' (2021)లో అడవి దుమ్ము, ఎర్రచందనం దుంగల రంగు కలిసి మనిషి చర్మం దాకా పాకాయి. అదీ బాగుంది. 'కేజీఎఫ్', 'సలార్' దగ్గరికొచ్చేసరికి బొగ్గు నలుపు. ఒకటి ఆడిందంటే పది వస్తాయి. ఇప్పుడు ఏ సినిమాలో పల్లె చూసినా గోధుమరంగు, ఏ జాలరిపేట చూసినా మసి. పేదవాడి ఇంటికి రంగులుండవని ఎవరు చెప్పారో మరి!

నెల్లూరు తీరంలోని ఏ పట్టపుపాలెంకైనా వెళ్లి చూడండి. గోడలకు నెమలికంఠం రంగు, తలుపులకు గులాబీ, గుడిగోపురం మీద ఉన్న రంగులన్నీ ఇంటి అరుగు మీద కూడా ఉంటాయి. ఫైబర్ పడవలకు పసుపు, నీలం. ముక్కు మీద దేవుడి పేరు, పిల్లల పేర్లు. సముద్రం మట్టిరంగులో ఉంటుంది కాబట్టే మనుషులు ఇంత రంగు పూస్తారేమో అనిపిస్తుంది. అందులో పనికొచ్చే సంగతి కూడా ఉంది. నీళ్ల మీద దూరం నుంచి తన పడవ ఏదో, పక్కవాడిదేదో తెలియాలి. 2008 ముంబయి దాడుల తర్వాత తీరరక్షణ కోసం చేపల పడవలకు రాష్ట్రానికో రంగు ఉండాలన్న పద్ధతి కూడా వచ్చింది. కథానాయకుడి చొక్కా రంగు మీద నెల రోజులు చర్చించే సినిమా, ఈ పాలెంలోకి వచ్చేసరికి అన్నిటినీ కలిపి ఒకే గోధుమరంగులో ముంచేస్తే ఇక్కడి పిల్లలు తెర మీద తమ ఊరిని ఎలా గుర్తుపట్టాలి?

నీళ్లెట్టున్నాయబ్బాయా?

ఇందుకూరుపేట నుంచి సముద్రం వైపు వెళ్లేదారిలో ఉదయాన్నే రొయ్యల గుంటల గట్ల మీద వినిపించే మొదటి ప్రశ్న ఇదే. జవాబు రంగులో ఉంటుంది. లేత ఆకుపచ్చో, లేత గోధుమరంగో అయితే నాచు సరిగ్గా పట్టింది, భయంలేదు. చిక్కటి పచ్చ అయితే ఎక్కువైంది, తెల్లారుజామున రొయ్యకు ఊపిరాడదు, ఏరేటర్లు తిప్పాలి. నీరు ఒక్కరాత్రిలో తేటపడితే నాచు చచ్చింది, ఇంకా ప్రమాదం. అడుగుమట్టి నల్లబడి వాసనొస్తే కుళ్లు మొదలైనట్టు. నీటి చిక్కదనం కొలవడానికి వాడే పరికరం కూడా చిత్రంగా ఉంటుంది. నలుపు, తెలుపు ముక్కలు పూసిన ఒక పళ్లెం. దాన్ని తాడుతో నీళ్లలోకి దించి, ఎంత లోతులో కనిపించకుండా పోయిందో చూస్తారు.

తెలుపంటే ఇక్కడ స్వచ్ఛత కాదు. తొంభైల మధ్యలో వైట్‌స్పాట్ తెగులు వచ్చి పెంకు మీద తెల్లమచ్చ కనిపించిన గుంట ఖాళీ అయిపోయింది. అప్పులు మాత్రం మిగిలాయి. ఆ రోజులు చూసిన రైతు ఇప్పటికీ రొయ్యను వెలుగుకెత్తి పట్టుకుని మచ్చకోసం వెతుకుతాడు.

ఇస్కపల్లి వైపు ఉప్పుమడుల్లో మరో లెక్క. ఎండ ముదిరేకొద్దీ నీరు చిక్కబడుతుంది. బాగా చిక్కబడిన మడుల్లో ఉప్పును తట్టుకునే సూక్ష్మజీవుల వల్ల నీటికి లేత గులాబీ, ఒక్కోసారి ఇటుకరంగు వస్తుంది. ఆ తర్వాతే తెల్లటి గుట్టలు. కళ్లద్దాలు లేకుండా ఆ తెలుపులో పొద్దంతా పనిచేసేవాళ్ల కళ్లు ఎర్రబడతాయి.

వేటకెళ్లేవాళ్లు నీటి రంగులో మార్పును బట్టి లోతు, ప్రవాహం పసిగడతారు. చేపల గుంపు వచ్చినచోట నీటి మీద మబ్బునీడ పడినట్టుంటుందని చెబుతారు. సినిమాలో రంగు మన గుండెను తాకుతుంది, నిజమే. ఇక్కడ రంగును తప్పు చదివితే పూట గడవదు.

కృష్ణపట్నంలో బూడిద

ముత్తుకూరు దాటి కృష్ణపట్నం వైపు వస్తే రంగులన్నీ తగ్గి ఒకటే మిగులుతుంది. 2008లో మొదలైన ఓడరేవు, దాని పక్కన నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్న దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్కేంద్రం, బొగ్గు గుట్టలు, బూడిద చెరువులు. ఉద్యోగాలొచ్చాయి, రోడ్లొచ్చాయి. చెట్ల ఆకుల మీద సన్నటి పొడి కూడా వచ్చింది. మధ్యాహ్నం ఎండలో ఆకాశం, పొగగొట్టాలు, నీరు అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి.

రాత్రి మాత్రం రేవు దీపాలు వెలిగి వాగునీళ్లలో నారింజరంగు స్తంభాలు నిలబడతాయి. ఆ అందాన్ని సినిమా ఎప్పుడో కనిపెట్టింది, రేవుల్లో రాత్రి పోరాటాలు తీయని హీరో లేడు. పగటి బూడిదరంగుకు మాత్రం ఇంకా కథ దొరకలేదు. వల ఎక్కడ వేసుకోవాలో వెతుక్కుంటున్న జాలరి, రేవులో పర్మినెంటు అవుతుందేమోనని ఎదురుచూస్తున్న వాళ్లబ్బాయి, ఇద్దరూ ఒకే ఇంట్లో అన్నానికి కూర్చుంటారు. 'మరోచరిత్ర' సముద్రంలాంటి రంగు కావాలి దీనికి.

చూడాలంటే...

నెల్లూరు నుంచి మైపాడు సుమారు 25 కిలోమీటర్లు. బస్సులు, ఆటోలు ఉన్నాయి. రంగులు చూడాలంటే ఉదయం ఆరులోపు చేరుకోవాలి, కాబట్టి ముందురోజు నెల్లూరులో దిగడం మేలు. సెలవు రోజుల్లో పది దాటితే జనమే కనిపిస్తారు. కెరటాలు లాగేస్తాయి, పిల్లల్ని లోపలికి వదలొద్దు.

పులికాట్, నేలపట్టులకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానలు బాగా పడిన ఏడాది పక్షులూ ఎక్కువే. సూళ్లూరుపేటలో దిగి శ్రీహరికోట దారిలో కొంతదూరం వెళితే చాలు, సరస్సు మొదలవుతుంది. బైనాక్యులర్స్ ఉంటే వెంట ఉంచుకోండి. ముదురు, కొట్టొచ్చే రంగు బట్టలు మాత్రం వేసుకోకండి. రాజహంసలు దూరం నుంచే చూసి లేచిపోతాయి.